ఆగస్టులో పరుగు, డిసెంబరులో ఫలితం

వాన పడ్డాక విత్తనాలు వెతుక్కుంటే పంట చేతికి వస్తుందా? రాదు. అందుకే తొలకరికి ముందే ఆడవాళ్లు విత్తనాలు చెరిగి, ఏరి, ఆరబెట్టి ఉంచుతారు. పంట కోతనాడు ఆ పని ఎవరికీ కనబడదు. కాని ఆ పని లేకపోతే కోతే ఉండదు.

ఆటలోనూ అంతే. గెలిచిన రోజు అందరూ చూస్తారు. గెలుపుకు ముందు జరిగిన పని ఎవరూ చూడరు. ఈ పాఠంలో ఆ పని గురించి తెలుసుకుందాం.

ఎవరీ అమ్మాయిలు?

అమెరికా దేశంలో ఉత్తర కరోలినా అనే రాష్ట్రం ఉంది. అక్కడ చాపెల్ హిల్ అనే ఊళ్లో పెద్ద విశ్వవిద్యాలయం ఉంది. అందులో చదువుకునే అమ్మాయిలకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. ఫుట్‌బాల్ అంటే కాలిబంతి ఆట. అమెరికాలో ఈ ఆటను సాకర్ అంటారు.

ఒక్కో జట్టులో 11 మంది ఆడతారు. బంతిని కాలితో తన్నాలి. తలతో కొట్టవచ్చు. చేతితో ముట్టరాదు. గోలు దగ్గర కాపలా ఉండే ఒక్క అమ్మాయి మాత్రం, అదీ గోలు ముందు గీసిన గడిలోనే, బంతిని చేతితో పట్టవచ్చు. ఆట 90 నిమిషాలు. 45 నిమిషాలు ఆడాక కొంచెం విశ్రాంతి. మళ్లీ 45 నిమిషాలు. బాగా ఆడే అమ్మాయి ఒక్క ఆటలో సుమారు 10 కిలోమీటర్లు పరుగెత్తుతుంది.

37 మాటల చట్టం

"ఆడపిల్లకు ఆటలెందుకు?" ఈ మాట మన ఊళ్లలోనే కాదు, అన్ని దేశాల్లోనూ అన్నారు. ఇంగ్లండులో 1920లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఆట చూడటానికి ఒకే రోజు 50 వేల మందికి పైగా జనం వచ్చారు. మరుసటి ఏడాది, 1921లో, అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఏం చేసింది? ఈ ఆట ఆడవాళ్లకు తగదని చెప్పింది. తన మైదానాల్లో వాళ్లను ఆడనివ్వలేదు. ఆ అడ్డు తొలగడానికి సుమారు 50 ఏళ్లు పట్టింది.

అమెరికాలో 1972లో ఒక చట్టం వచ్చింది. దానిలో అసలైన వాక్యం 37 మాటలే. ప్రభుత్వం డబ్బు ఇచ్చే ఏ బడిలోనూ, ఏ కాలేజీలోనూ ఆడ, మగ అనే తేడా చూపరాదు. ఇదీ దాని సారం. ఆ వాక్యంలో ఆటల మాటే లేదు. అయినా ఆటలు కూడా చదువులో భాగమే కదా! అమ్మాయిలు ఆ వాక్యాన్ని పట్టుకుని అడిగారు. "మగపిల్లలకు మైదానం ఉంది. మాకేది? వాళ్లకు కోచ్ ఉన్నాడు. మాకెవరు?" కొన్నిచోట్ల కోర్టుకు కూడా వెళ్లారు.

చట్టం వచ్చినంత మాత్రాన మైదానం దానంతట అది రాలేదు. చట్టం చదివినవాళ్లు అడిగితేనే వచ్చింది. చట్టం రాకముందు అమెరికా హైస్కూళ్లలో ఆటలాడే ఆడపిల్లలు మూడు లక్షలలోపే. ఇప్పుడు 30 లక్షలు దాటారు.

చాపెల్ హిల్‌లోనూ ఇలాగే జరిగింది. అక్కడ కొందరు అమ్మాయిలు తమంతట తాము కలిసి ఆడుకునేవారు. తమను కాలేజీ జట్టుగా గుర్తించమని కోరారు. 1979లో కాలేజీ ఒప్పుకుంది. ఆన్సన్ డోరెన్స్ అనే ఆయనను కోచ్‌గా పెట్టింది. 1981లో ఆ జట్టు దేశంలోనే మొదటి స్థానం గెలిచింది. 1991లో చైనాలో ఆడవాళ్లకు మొదటి ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. అమెరికా గెలిచింది. ఆ జట్టులో చాలామంది చాపెల్ హిల్‌లో చదివినవారే.

ప్రతి ఏడాదీ కొత్త జట్టే

కాలేజీ చదువు నాలుగేళ్లు. ప్రతి ఏడాదీ కొందరు చదువు ముగించి వెళ్లిపోతారు. కొత్తవాళ్లు వస్తారు. నిరుడు గెలిచిన జట్టు ఈ ఏడాది ఉండదు. అందుకే ప్రతి ఆగస్టులో పని మొదటినుంచి మొదలవుతుంది. పోటీలు ఆగస్టు నడిమికి మొదలవుతాయి. చివరిదాకా నిలిచిన జట్లు డిసెంబరులో ఆఖరి ఆట ఆడతాయి.

ముందుగా పరుగు పరీక్ష పెడతారు. ఇది వినడానికి తేలిక. నేలమీద 20 మీటర్ల దూరంలో రెండు గీతలు గీస్తారు. "బీప్" అని చప్పుడు వస్తుంది. మళ్లీ చప్పుడు వచ్చేలోగా అవతలి గీత చేరాలి. మళ్లీ ఇవతలికి రావాలి. మొదట్లో చప్పుడు నింపాదిగా వస్తుంది. పోనుపోను తొందర తొందరగా వస్తుంది. ఎవరు ఎంతసేపు నిలుస్తారో రాసుకుంటారు. సెలవుల్లో ఒళ్లు వంచినవాళ్లెవరో, వంచనివాళ్లెవరో అక్కడే తేలిపోతుంది.

గోడమీద కాగితం

ఈ జట్టులో ఒక పద్ధతి ఉంది. సాధనలో జరిగేదంతా కాగితం మీద రాస్తారు. ఎవరు ఎంత వేగంగా ఉరికారు? ఒకరితో ఒకరు తలపడినప్పుడు ఎవరు గెలిచారు? ఎన్నిసార్లు బంతి గోలులో పడింది? అన్నీ అంకెలే. ఆ కాగితం అందరికీ కనబడేలా అంటిస్తారు. అదే విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ కోచ్ డీన్ స్మిత్ తన సాధనలో అన్నీ రాయించేవాడు. డోరెన్స్ అది చూసి నేర్చుకున్నాడు.

దీనివల్ల లాభం ఏమిటి? "ఆమె కోచ్‌కు ఇష్టం, అందుకే ఆడిస్తున్నాడు" అనే మాట అనడం కష్టం. అంకె అందరికీ ఒకటే. తన లోటు ఎక్కడో ప్రతి అమ్మాయికీ తెలుస్తుంది. ఇందులో కష్టం కూడా ఉంది. తన పేరు అడుగున చూసుకోవడం ఎవరికైనా బాధే. అయితే అడుగున ఉన్న పేరు వచ్చే వారం పైకి రావచ్చు.

మన పొదుపు సంఘంలో పద్దు పుస్తకం ఉంటుంది కదా. ఎవరు ఎంత కట్టారో అందులో రాస్తారు. చదవడం వచ్చినవాళ్లను లెక్కలో మోసగించలేరు. ఇదీ అలాంటిదే.

ఎండలో జాగ్రత్త

ఆగస్టులో ఉత్తర కరోలినాలో ఎండ ఎక్కువ. ఉక్క కూడా ఎక్కువే. అందుకే మొదటి రోజునే ఎక్కువసేపు ఉరకకూడదు. ఒంటికి ఎండ అలవాటు కావడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. మధ్య మధ్య నీడకు వెళ్లాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి.

ఎండలో పని చేసేవాళ్లకు ఒక్కోసారి కళ్లు తిరుగుతాయి. వాంతి వస్తుంది. మాట తడబడుతుంది. ఏదేదో మాట్లాడతారు. ఇది వడదెబ్బ. ప్రాణం పోవచ్చు. ఆటగాళ్లకు వైద్యం చేసేవారు ఒక సూత్రం చెబుతారు. ముందు చల్లబరచాలి, తరువాత ఆసుపత్రికి తీసుకుపోవాలి. అందుకని వడదెబ్బ తగిలిన మనిషిని వెంటనే చల్లని నీళ్ల తొట్టిలో మెడదాకా ఉంచుతారు. తొట్టి లేకపోతే నీడలో పడుకోబెట్టి, ఒంటినిండా చల్లని నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు. ఈ సంగతి నాట్లకూ, కలుపుకూ, ఉపాధి పనికీ వెళ్లేవారికి కూడా పనికొస్తుంది.

మోకాలిని కాపాడుకోవాలి

మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే గట్టి పట్టీలు ఉంటాయి. ఉరుకుతూ ఉరుకుతూ గబుక్కున తిరిగితే అవి తెగవచ్చు. ఎగిరి కాలు సరిగా మోపకపోయినా తెగవచ్చు. ఇలా తెగడం ఫుట్‌బాల్ ఆడే మగవారిలో కన్నా ఆడవారిలో రెండింతలకు పైగా ఎక్కువ. తెగితే తరచుగా ఆపరేషన్ చేయాలి. మళ్లీ ఆడటానికి సుమారు తొమ్మిది నెలలు పడుతుంది. అంటే ఆ ఏడాది ఆట పోయినట్లే.

దీనికి మందు ముందే ఉంది. ఆటకు ముందు 20 నిమిషాలు వ్యాయామం చేయాలి. మెల్లగా ఉరకాలి. ఒంటికాలి మీద నిలవాలి. తొడలకు, నడుముకు బలం వచ్చే పనులు చేయాలి. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూసుకోవాలి. మానకుండా చేస్తే దెబ్బలు బాగా తగ్గుతాయని పరిశోధనల్లో తేలింది.

కడుపు నిండా తిండి

10 కిలోమీటర్లు ఉరికే పిల్ల అర్ధాకలితో ఉరకలేదు. అందుకే సాధనతోపాటు తిండిని కూడా చూసుకుంటారు. అన్నం, రొట్టె బలాన్నిస్తాయి. పప్పు, గుడ్లు, పాలు, మాంసం, చేపలు కండను పెంచుతాయి. రక్తానికి ఇనుము కావాలి. నెలనెలా రక్తం పోతుంది కాబట్టి ఆడవారికి ఇనుము మగవారికన్నా ఎక్కువ కావాలి. ఇనుము చాలకపోతే ఆయాసం వస్తుంది, కాళ్లు లాగుతాయి.

నెలసరి రోజుల్లో ఆడవచ్చా? ఆడవచ్చు. తప్పేమీ లేదు. నొప్పి ఎక్కువైతే విశ్రాంతి తీసుకోవచ్చు. అమెరికా మహిళల జట్టు 2019లో ప్రపంచ కప్పు గెలిచింది. అప్పుడు ప్రతి అమ్మాయి నెలసరి రోజులను రాసుకుని, దానికి తగ్గట్టు తిండి, నిద్ర చూసుకున్నారు. సిగ్గుపడి దాచుకోలేదు.

మన దేశంలో 2019–21లో ఒక పెద్ద సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో 100 మందికి 57 మంది రక్తహీనతతో ఉన్నట్లు తేలింది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఇందుకు ఒక కారణం. తోటకూర, మునగాకు, పప్పులు, రాగులు, గుడ్లు తినాలి. వాటితో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే పట్టదు.

ఆటతోపాటు చదువు

ఈ అమ్మాయిలు ముందు విద్యార్థులు. తరగతులు మొదలయ్యాక సాధన వారానికి 20 గంటలు దాటరాదని నియమం ఉంది. రోజుకు 4 గంటలు దాటరాదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. చదువులో తప్పితే ఆటలో చోటుండదు. ఆట కొన్నేళ్లే. చదువు బతుకంతా తోడుంటుంది.

పదహారు సెకన్లు

2022 డిసెంబరు. ఆఖరి ఆట. చాపెల్ హిల్ జట్టు 2–0తో ముందుంది. ఇంకా పది నిమిషాలు మిగిలాయి. ఇక గెలిచినట్లే అని చాలామంది అనుకున్నారు. అప్పుడు లాస్ ఏంజలస్ నుంచి వచ్చిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టు ఒక గోలు వేసింది. ఆట ముగియడానికి 16 సెకన్లు ఉండగా ఇంకొకటి వేసింది. అదనపు సమయంలో మూడోది వేసి గెలిచింది. ఆఖరి నిమిషం దాకా ముందున్న జట్టు ఓడిపోయింది.

ఓడిన అమ్మాయిలు ఏం చేశారు? మరుసటి ఆగస్టులో మళ్లీ గీతల మధ్య ఉరికారు. 2023లో కప్పు రాలేదు. 2024 ఆగస్టులో ఇంకో దెబ్బ. పోటీలు మొదలయ్యే కొద్ది రోజుల ముందు డోరెన్స్ పదవీ విరమణ చేశాడు. 45 ఏళ్లుగా ఉన్న కోచ్ లేడు. ఆయన సహాయకుడు డామన్ నహాస్ తాత్కాలికంగా బాధ్యత తీసుకున్నాడు. జట్టు చెదిరిపోలేదు. ఆ డిసెంబరులో వేక్ ఫారెస్ట్ జట్టును 1–0తో ఓడించింది. 2012 తరువాత మళ్లీ కప్పు గెలిచింది. 1981లో గెలిచిన దానితో కలిపి ఇది 23వ జాతీయ విజయం.

కోచ్ వెళ్లిపోయాడు. కాని నేర్చుకున్నది ఎక్కడికి పోతుంది? కాళ్లలో ఉన్న బలం, ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం వాళ్లవే.

మన అమ్మాయిలు

మన దగ్గరా ఈ ఆట ఆడే అమ్మాయిలున్నారు. గుగులోతు సౌమ్యది నిజామాబాద్ జిల్లాలోని ఒక తండా. ఆమె భారత జట్టులో ఆడింది. 2022లో క్రొయేషియా దేశం వెళ్లి అక్కడి జట్టులో చేరింది. 2025 జూలైలో భారత మహిళల జట్టు థాయిలాండును 2–1తో ఓడించి, 2026 ఆసియా కప్పుకు అర్హత సంపాదించింది.

మీ ఊరి బడిలో మైదానం ఉందా? సాయంత్రం అక్కడ ఎవరు ఆడుతున్నారు? మగపిల్లలేనా? ఆడపిల్లలు ఆ వేళ ఎక్కడ ఉన్నారు? బిందె మోస్తున్నారా? తమ్ముణ్ణి ఎత్తుకుని గట్టున నిలబడి చూస్తున్నారా? ఒక బంతి, గంట సమయం, కడుపు నిండా తిండి. ఆడపిల్లకు ఈ మూడూ ఇవ్వడం ఇంట్లోవాళ్ల చేతిలో పని. బడిలో ఆటల గంట అందరిదీ. అది అమ్మాయిలకు అందుతోందా అని పంతులుగారిని అడగటం తల్లుల హక్కు.

కొత్త మాటలు

సాధన – మళ్లీ మళ్లీ చేసి నేర్చుకోవడం
అర్హత – పోటీలో పాల్గొనే యోగ్యత
రక్తహీనత – ఒంట్లో రక్తం తక్కువగా ఉండటం
తాత్కాలికం – కొంతకాలం వరకే

ఆలోచించండి, మాట్లాడండి

1. అమెరికా చట్టంలో ఆటల మాట లేదు. మరి అమ్మాయిలకు మైదానం ఎలా వచ్చింది?
2. వడదెబ్బ తగిలితే ముందుగా ఏం చేయాలి?
3. సాధన వివరాలు కాగితం మీద రాయడం వల్ల లాభం ఏమిటి? కష్టం ఏమిటి?
4. మీ ఇంట్లో అందరికన్నా ఆఖరున తినేది ఎవరు? ఎందుకు?

లెక్క చేయండి

ఒక అమ్మాయి 20 మీటర్ల గీతల మధ్య 50 సార్లు ఉరికింది. మొత్తం ఎన్ని మీటర్లు ఉరికింది? అది ఎన్ని కిలోమీటర్లు?