జంగల్ అను మాట – మన కలివికోడి

అడవి చూడబోదమనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి ఆకాశమునంటు వృక్షములు, నిండుగా పారు నది, అమెజాన్ అడవుల నడుమనున్న మనౌస్ వంటి నగరము స్ఫురించును. మాండవ్య నది ఒడ్డున, సంవత్సరములో అధికభాగము ఇసుకయే కనిపించు రాయచోటిలోనున్న మనకు అట్టి భాగ్యము లేదని నిట్టూర్చుటయు కద్దు. ఇది ఎంతవరకు నిజమో విచారింతము.

ఉర్దూలో మనము వాడు ‘జంగల్’ అను మాటకు మూలము సంస్కృతములోని ‘జాంగల’ శబ్దము. చరకసంహిత మున్నగు వైద్యగ్రంథములు నీరు సమృద్ధిగా గల ప్రదేశమును అనూపమనియు, నీరు తక్కువై ముండ్లచెట్లు పలుచగా పెరుగు మెట్టను జాంగలమనియు పేర్కొన్నవి. ఆంగ్లేయులు హిందుస్తానీనుండి ఈ మాటను గ్రహించిన పిమ్మట క్రమముగా అది దట్టమైన వానఅడవికి పేరైనది. కావున అసలైన జంగలు మన వాకిటనే యున్నది.

ఒక్క దినములో చూచి రాదగిన చోట్లు మనకు కొరవలేదు. కడపకు పోవు దారిలో గువ్వలచెరువు కనుమ కలదు. పాలకోవా కొరకు అచ్చట బస్సు దిగు మనము చుట్టునున్న పాలకొండలను తలయెత్తి చూచుట అరుదు. ప్రపంచమంతట కోరబడు ఎర్రచందనము సహజముగా పెరుగునది తూర్పు కనుమల ఈ దక్షిణభాగములోనే. పీలేరు మీదుగా పోయినచో 270 అడుగుల తలకోన జలపాతము, దేవాంగపిల్లి తిరుగాడు అడవి కలవు. ఆ అడవి 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనములోనిది. గాలివీడు వైపు పాపాఘ్ని నదిపై వెలిగల్లు జలాశయము కలదు. ఈశాన్య ఋతుపవనపు వానలు వెలిసిన పిదప ఈ యాత్రలకు అనువైన కాలము.

అన్నింటికంటె గొప్ప పాఠము మాత్రము కడపకు ఆవల, పెన్న ఒడ్డున సిద్ధవటం కోటను దాటిన పిమ్మట, లంకమల కొండల దిగువ తుప్పలలో నున్నది. అది కలివికోడి. జెర్డన్ అను సైనిక వైద్యుని మూలమున 1848లో శాస్త్రలోకమునకు తెలిసిన ఈ చిన్న పక్షి 1900 తరువాత శాస్త్రజ్ఞుల కంటబడక, నశించినదనియే తలపబడినది. 1986 జనవరిలో రెడ్డిపల్లె సమీపమున స్థానికుడైన ఒక వేటగాడు దీనిని ప్రాణముతో పట్టెను. 86 సంవత్సరములు పండితులు కానని పక్షి, తుప్పలలో తిరుగు పల్లెవానికి చిక్కినది! కాని పట్టిన పక్షి బ్రతుకలేదు.

1988లో అచ్చట శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. పక్షి రాత్రించరమగుటచే, పరిశోధకులు పొదలనడుమ మెత్తని మట్టి పరచి ఉదయమున అడుగుజాడలు వెదకిరి. చీకటి పడువేళ కూతకై చెవియొగ్గిరి. తరువాతి కాలమున తెలుగుగంగ కాలువ ఈ తుప్పలను తాకగా, దాని మార్గము మార్చవలసి వచ్చినది. నీరు రాయలసీమకు ప్రాణము, దానిని కాదనువారెవరు? అయితే నీటికి మరియొక దారి త్రవ్వవచ్చును, కలివికోడికి మరియొక ఇల్లు కట్టలేము.

ఈ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు, చెట్టులేని బయలు పనికిరాదు. రేగు, తుమ్మ, కలివి పొదలు, వాని నడుమ కొంత ఖాళీనేల కావలెను. మేకలు మితముగా మేసినచో ఆ ఖాళీ నిలుచును. పొదలను మొదలంట పెకలించి సాగుచేసినచో పక్షి మిగులదు. ‘బంజరు’ అని మనము తీసివేయు భూమియే దానికి సర్వస్వము.

కావున యాత్రకు పోవు మిత్రులారా! అటవీశాఖవారి అనుమతితో పగటివేళ పొండు. దీపములతో రాత్రి పక్షిని వెదకబోకుడు. ప్రతి పొదను గమనించి, దాని పేరు తెలుగులోను ఉర్దూలోను వ్రాసికొనుడు. ఊరి గొర్రెలకాపరి నడిగినచో, మన పుస్తకములలో లేనివి చెప్పగలడు. పేరు తెలిసిన పొదపై గొడ్డలి యెత్తుటకు చేయి కొంచెమైన వెనుదీయును.