రైతు సంఘంలో సభ్యత్వం – మన ఇళ్ళకు ఏమిటి లాభం?

(ఎం.ఏ. అర్థశాస్త్రం, హాస్టల్ పూర్వ విద్యార్థి)

వార్షికోత్సవ సంచికకు చదువులో పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. పోటీ పరీక్షలకు చదివే ప్రతి ఒక్కరూ ‘సహకార సంఘాలు’ అనే పాఠం చదివే ఉంటారు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చిందని, అంతకుముందే 1844లో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి అంగడి పెట్టుకున్నారని బట్టీ పట్టి ఉంటారు. ఆ పాఠం మన ఇంటి అప్పుకు సంబంధించిందని మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈ వ్యాసం.

మన హాస్టల్‌లో ఉన్నవాళ్ళలో చాలామంది తల్లిదండ్రులు ఎకరం, రెండెకరాల రైతులు, కౌలుదారులు లేదా కూలీలు. పంట పెట్టుబడికి వాళ్ళు పోయేది ఊళ్ళో ఎరువుల షాపు దగ్గరికే. మూడు రూపాయల మిత్తి అంటే నెలకు నూటికి మూడు, అంటే ఏడాదికి 36 శాతం. నలభై వేలు పది నెలలకు తెస్తే మిత్తే 12,000 రూపాయలు. అదే నలభై వేలు ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో, అంటే మనం సొసైటీ అనే చోట, పంట రుణంగా 7 శాతానికి తీసుకుంటే పది నెలలకు దాదాపు 2,333 రూపాయలు. గడువులోపల కట్టిన వారికి కేంద్రం ఇచ్చే 3 శాతం రాయితీ కలిస్తే సుమారు 1,333 రూపాయలు. మిగిలే పది వేల పైచిలుకు ఎవరి చదువుకు పనికొస్తుందో వేరే చెప్పాలా?

అప్పు ఒక్కటే కాదు. షాపువాడి దగ్గర బాకీ ఉన్న రైతు పంటను అతనికే అమ్మాలి. ధర అతనిదే, కాంటా అతనిదే, తరుగు అతను చెప్పినంతే. పండించిన మనిషి బేరం ఆడలేకపోవడానికి అసలు కారణం ఈ ముడి. సొసైటీ అప్పు ఇచ్చి, ఎరువులు అమ్మి, వడ్ల కొనుగోలు కేంద్రం కూడా నడిపితే ఆ ముడి విడిపోతుంది. కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన ఉంది కాబట్టి ఆరబెట్టే కష్టం తప్పదు. కానీ మద్దతు ధర ముందే తెలుస్తుంది. 2024-25లో సాధారణ రకం వడ్లకు అది క్వింటాలుకు 2,300 రూపాయలు.

ఇది జరిగే పనేనా అనే వారు ముల్కనూరు వెళ్ళి చూడవచ్చు. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పటి హనుమకొండ జిల్లాలోని ఈ ఊళ్ళో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారి చొరవతో 373 మంది రైతులు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం పెట్టుకున్నారు. అప్పు ఇవ్వడంతో ఆగకుండా విత్తనాలు, రైస్ మిల్లు, పత్తి జిన్నింగ్ వరకు సంఘమే చేపట్టింది. మిల్లుకు పోవలసిన లాభం సభ్యులకు తిరిగి రావడమే ఇందులోని కిటుకు. 2002లో అక్కడే ఆడవాళ్ళే సభ్యులుగా, ఆడవాళ్ళే పాలకవర్గంగా స్వకృషి పాల డెయిరీ మొదలైంది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం దీనికి దారి వేసింది. ప్రభుత్వ వాటా ధనం లేకుండా, అధికారుల పెత్తనం లేకుండా సంఘం నడుపుకోవడానికి వీలిచ్చిన ఇలాంటి చట్టం దేశంలో మొదట తెచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. (పరీక్షకు గుర్తుపెట్టుకోండి.)

ఇప్పుడు ఊళ్ళలో వినిపిస్తున్న ఎఫ్‌పీవో, అంటే రైతు ఉత్పత్తిదారుల సంఘం, ఇంకో రకం. కంపెనీల చట్టానికి 2002లో చేసిన సవరణతో ఇవి కంపెనీలుగా నమోదు కావడం మొదలైంది. పది మంది ఉత్పత్తిదారులు ఉంటే చాలు. 2020లో కేంద్రం పెట్టిన పథకం కింద అయితే మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది ఉండాలి. సభ్యుడు కట్టిన వాటాకు సమానంగా 2,000 రూపాయల వరకు కేంద్రం సంఘానికి కలుపుతుంది, మొత్తం 15 లక్షలు మించకుండా. అనుకున్న పది వేల సంఘాల్లో పదివేలవది 2025 ఫిబ్రవరిలో బీహార్‌లోని ఖగడియా జిల్లాలో నమోదైంది.

వీటిలో నాకు బాగా నచ్చింది ఓటు పద్ధతి. వ్యక్తులే సభ్యులైన సంఘంలో ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకటే ఓటు. యాభై ఎకరాల ఆసామికీ, అరెకరం ఉన్న మన అమ్మకూ సమానమే. మిగులు పంచేటప్పుడు కూడా వాటాపై వచ్చేది పరిమితం. సంఘంతో ఎంత వ్యాపారం చేశామో ఆ మేరకే బోనస్. 2011లో చేసిన 97వ రాజ్యాంగ సవరణ సహకార సంఘం పెట్టుకోవడాన్ని 19వ అధికరణంలో ప్రాథమిక హక్కుగా చేర్చింది. హక్కు ఉన్నా వాడేది తక్కువ. 2020 ఫిబ్రవరిలో తెలంగాణలో సొసైటీ ఎన్నికలు జరిగినప్పుడు ఓటు వేసింది సభ్యులే. సభ్యత్వం లేని మన వాడల వాళ్ళు చూస్తూ ఉండిపోయారు. అలాంటప్పుడు డైరెక్టర్లుగా ఎవరు వస్తారో ఊహించుకోవచ్చు.

లోపాలు లేవని నేను అనను. చాలా సంఘాలు బోర్డు, తాళం తప్ప మరేమీ లేకుండా ఉన్నాయి. కొన్నిచోట్ల మహాజన సభ కాగితం మీదే జరుగుతుంది. సొసైటీలో దాచుకున్న డబ్బుకు, బ్యాంకు డిపాజిట్లకు ఉండే 5 లక్షల బీమా వర్తించదు. కాబట్టి అక్కడ దాచేముందు ఆడిట్ నివేదిక అడగాలి. వాటా ధనం కట్టగానే రశీదు, సభ్యత్వ నంబరు తీసుకోవాలి. నిబంధనావళి ఒక ప్రతి అడగాలి. ఇవన్నీ చదివి ఇంట్లో చెప్పగలిగింది మనమే. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే కాబట్టి ఆ పని నామీదే పడింది.

కౌలుదారుల సంగతే అసలు చిక్కు. పట్టాదారు పాస్ పుస్తకం లేనిదే సొసైటీలో పంట రుణం దొరకడం కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలుదారుకు 11 నెలల సాగు హక్కు కార్డు ఇస్తారు, కానీ దానికి భూ యజమాని ఒప్పుకోవాలి. రెండు రాష్ట్రాల్లోనూ మిగిలిన దారి, నలుగురి నుంచి పది మంది కౌలుదారులు ఒకరికొకరు పూచీగా కట్టే ఉమ్మడి పూచీ బృందం. బ్యాంకుల్లో దీన్ని జేఎల్‌జీ అంటారు. ఉత్పత్తిదారుల కంపెనీలో చేరడానికి మాత్రం భూమి పట్టా ఉండాలని చట్టంలో లేదు, పండించేవాడైతే చాలు.

మా బాపు ఎకరం పట్టా మీద నిరుడు సొసైటీలో సభ్యుడయ్యాడు. కౌలుకు చేసే రెండెకరాలకు మాత్రం ఇంకా షాపు అప్పే. వాడలోని మరో నలుగురితో కలిపి బృందం దరఖాస్తు నేనే రాసి బ్యాంకులో ఇచ్చి వచ్చాను. వచ్చే వానాకాలం లోపల జవాబు రావాలి. మీ ఇళ్ళలో ఎవరికైనా అలాంటి దరఖాస్తు కావాలంటే సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు అడగండి, నకలు ఇస్తాను.