ఆటిజము గలవారి యెడ శరణుల నడవడి

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు కలవు. అందు రుద్రపశుపతి, శివుడు విషము మ్రింగెనని విని, ఆ మాటను ఉన్నదున్నట్లుగనే గ్రహించి, స్వామికి ప్రాణాపాయము కలిగెనని దుఃఖించి, దానిని కక్కుమని పట్టుపట్టి నీటిలో దిగెను. శివుడు అతనిని వెఱ్ఱివాడని త్రోసివేయలేదు, ప్రత్యక్షమై ఊరడించెను. పురాణపురుషునికి నేటి వైద్యుల పేరు తగిలించుట తగదు గాని, మాటను అక్షరార్థముననే గ్రహించువారు, ఒకే విషయమును విడువక పట్టుకొనువారు మన యిండ్లలోను గలరు. వారిలో కొందఱిది ఆటిజమను స్థితి. 1943లో లియో కానర్ అను వైద్యుడు దీనిని వివరముగా వర్ణించెను. ఇది మెదడు ఎదుగుదలలోని భేదము. తల్లి పెంపకలోపము గాని, గ్రహచేష్ట గాని కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో ఆటిజమును చేర్చినది. పంచాయతీ సభ్యులకు, పోలీసులకు ఇచ్చు శిక్షణలో దివ్యాంగుల హక్కులు పాఠముగా నుండవలెననియు, వైద్యులు, నర్సులు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల చదువులోను వైకల్య విషయము చేరవలెననియు దాని 47వ సెక్షను విధించుచున్నది. తిరునాళ్లనాడు మఠములలో సేవచేయు యువకుల పేరు అందు లేదు. కాని శివరాత్రినాడు త్రిపురాంతకపు జనసమ్మర్దములో తప్పిపోయిన బాలుడు మొదట వారి కంటనే పడవచ్చును.

అట్టి బాలుడు పిలిచినను పలుకకపోవచ్చును. కన్నులలోనికి చూడకపోవుట పొగరు కాదు; అడిగిన ప్రశ్ననే తిరిగి పలుకుట వెక్కిరింత కాదు; ఊగుచుండుట త్రాగుబోతుతనము కాదు. సైరను మ్రోత, ముఖముమీది టార్చి వెలుగు, చేయి పట్టి లాగుట భయమును పెంచును. జనమును తొలగించి, ఒక్కరే ఒక చిన్న మాట చెప్పి, జవాబునకు వేచియుండవలెను. ‘నిమిషములో అమ్మ వచ్చు’నని చెప్పి రప్పింపలేనిచో నమ్మకము చెడును. పెనుగులాడు వానిని బోర్లవేసి అదుముట ప్రాణాపాయము.

వెదకుటలో మొదట నీటివంకకు పోవలెను. ఈ పిల్లలలో పెక్కుమందికి నీరనిన మక్కువ, అపాయమెఱుగరు. మార్కాపురము చుట్టును పలకరాయి తీసిన గుంటలు, కంభము చెరువు, గుండ్లకమ్మ, పొలము బావులు, గిద్దలూరు వైపు రైలుకట్ట – ఇవి ముందు; బస్టాండు, బంధువుల యిండ్లు తరువాత. 112కు ఫోను చేయునపుడే బిడ్డకు ఆటిజమని, మాటలు రానిచో ఆ సంగతియు చెప్పవలెను. 108 వాహనమున తల్లిని వెంట ఎక్కింపవలెను; నొప్పి ఎక్కడనో చెప్పలేని బిడ్డ తీరు ఆమెకే తెలియును.

దాసోహపంక్తిలో బిడ్డ కేకవేసెనని తల్లిని లేపి పంపువారు బసవేశ్వరుని అనుభవమంటపమును కీర్తించుట వృథా. మెడకు దారము సోకిన ఓర్వలేని బిడ్డ ఇష్టలింగమును లాగివేసినచో అది ద్రోహము కాదు, చర్మబాధ. గురువులు తొందరపెట్టక మెత్తని వస్త్రముతో మెల్లగా అలవాటు చేయింపవచ్చును. దానికే అలవాటుపడిన వానికి ఆసుపత్రిలో చెప్పకుండ దారము కత్తిరించినచో లోకమే తలక్రిందులగును. తీయక తప్పనిచో అతనికి చూపి, చెప్పి, అతని కన్నులయెదుటనే తల్లి చేతికీయవలెను.