బిడ్డను చూసే అవ్వకు దగ్గు వస్తే

నాట్ల రోజుల్లో ఆలుమగలిద్దరూ పొలానికి పోతూ పసిబిడ్డను ఇరుగింటి అవ్వకు అప్పగిస్తారు. రోజుకింత అని ఇస్తారు. ఆ అవ్వకు దగ్గు పట్టుకుంటే? చాలామంది మాన్పించేస్తారు. ఆ కూలి పోతుందనే అవ్వ దగ్గును దాచుకుంటుంది. దాచిన దగ్గుతోనే బిడ్డకు ముప్పు.

2 వారాలు దాటిన దగ్గు క్షయ కావచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కళ్ళె పరీక్ష ఉచితం. మీరే వెంటబెట్టుకు వెళ్ళండి, ఆ రోజు కూలి మాత్రం కోయకండి. క్షయ అని తేలితే మందులూ ఉచితమే. మామూలుగా 6 నెలలు మానకుండా మింగాలి. డాక్టరు సరేననేదాకా బిడ్డను ఆమెకు అప్పగించవద్దు. అలాగని కంచం, గ్లాసు వేరు పెట్టి ఆ ముసలి ప్రాణాన్ని కించపరచడం ఎందుకు? క్షయ గాలిలో అంటుకుంటుంది, కంచంలో కాదు.

“మావాడికి పుట్టగానే బి.సి.జి. వేయించాం కదండీ” అంటారు. మంచిదే. అది పసివాళ్ళను మెదడు క్షయ వంటి గండాల నుంచి చాలావరకు కాస్తుంది గాని, క్షయను పూర్తిగా ఆపలేదు. బిడ్డనూ చూపించండి. ముందుజాగ్రత్త మందు కావాలో లేదో డాక్టరు చెబుతారు.

ఇంకో సంగతి. మీ బిడ్డకు తట్టు వస్తే అవ్వకు వెంటనే చెప్పండి. ఆమె ఇంట్లో 9 నెలలు నిండక, ఇంకా తట్టు టీకా పడని మనవడు ఉండవచ్చు.