ఆటో మార్చాలా? ముందు లెక్క చూద్దాం

సికింద్రాబాద్‌లో చిలకలగూడ ఉంది. అక్కడ యాదమ్మ అనే అక్క ఉందనుకుందాం. యాదమ్మ భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లలు బడికి పోతారు. ఇల్లు కిరాయిది.

ఒక రోజు రాత్రి యాదమ్మ భర్త ఇంటికి వచ్చాడు. జేబులో డబ్బులు తీసి చాప మీద పెట్టాడు.

"ఏమయ్యా, పొద్దందాక తిరిగితివి. ఇంతేనా?" అంది యాదమ్మ.

"900 వచ్చినయి. 321 రూపాయలు పెట్రోలుకే పోయినయి. ఇగ మిగిలింది ఇదే" అన్నాడు భర్త.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు. ఆ పథకం పేరు మహాలక్ష్మి. యాదమ్మ కూడా బస్సులోనే పనికి పోతుంది. ఆమెకు డబ్బు మిగులుతోంది. కానీ ఆటో ఎక్కేవాళ్లు తగ్గిపోయారని డ్రైవర్లు అంటున్నారు. ఒకే ఇంట్లో ఒకరికి మేలు, ఒకరికి కష్టం.

"మన ఆటో పని అయిపోయింది. ఎట్లయినా కొత్తది తీసుకోవాలె" అన్నాడు భర్త. "రేతిఫైల్ దగ్గర నా దోస్తు కరెంటు ఆటో తీసుకున్నడు. పెట్రోలు ఖర్చే లేదంట. మనం కూడా తీసుకుందామా?"

యాదమ్మ వెంటనే అవునని అనలేదు. ఆమెకు పాత సంగతి గుర్తుకొచ్చింది. ఏడేళ్ల కింద ఒక ఫైనాన్స్‌లో ఆటో తీసుకున్నారు. కాగితం మీద ఏముందో చదవలేదు. చెప్పిన చోట వేలిముద్ర వేశారు. రెండు కిస్తీలు ఆగితే ఫైనాన్స్‌వాళ్లు ఆటో గుంజుకుపోయారు. ఆ రోజు పిల్లలు ఏడ్చిన ఏడుపు యాదమ్మ మరచిపోలేదు.

"ఈసారి వేలిముద్ర వద్దు. నాకు చదువు వచ్చింది. నోటుబుక్కు తీయి. లెక్క వేద్దాం" అంది.

కరెంటు ఆటో అంటే ఏమిటి?

పెట్రోలు ఆటోలో ఇంజను ఉంటుంది. పెట్రోలు మండితే ఇంజను తిరుగుతుంది. కరెంటు ఆటోలో ఇంజను ఉండదు. పెద్ద బ్యాటరీ, మోటారు ఉంటాయి. సెల్‌ఫోన్‌కు చార్జింగ్ పెట్టినట్టే దీనికీ పెట్టాలి. పొగ రాదు. చప్పుడు తక్కువ. ఇంజను ఆయిలు మార్చే పని లేదు.

హైబ్రిడ్ కారు అని ఇంకొకటి ఉంది. అందులో పెట్రోలు ఇంజనూ ఉంటుంది, మోటారూ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు తయారై బ్యాటరీలోకి పోతుంది. అందుకే ట్రాఫిక్‌లో పెట్రోలు ఆదా అవుతుంది. కానీ కారు ధర ఎక్కువ.

ఈ బండ్లు మన ఊరికి కొత్త కాదు. 2019లోనే హైదరాబాద్ రోడ్ల మీదికి 40 ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి.

మొదటి లెక్క: పెట్రోలు

2021 జూన్‌లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 100 రూపాయలు దాటింది. మన లెక్కకు లీటరు 107 రూపాయలు అనుకుందాం. ఒక లీటరుకు ఆటో 30 కిలోమీటర్లు పోతుందనుకుందాం.

రోజుకు 90 కిలోమీటర్లు తిరిగితే 3 లీటర్లు కావాలి.
3 × 107 = 321 రూపాయలు.
నెలకు 26 రోజులు పని.
26 × 321 = 8,346 రూపాయలు.

"అమ్మో! ఇంటి కిరాయికంటే ఎక్కువ" అంది యాదమ్మ.

రెండో లెక్క: కరెంటు

90 కిలోమీటర్లకు 9 యూనిట్ల కరెంటు పడుతుందనుకుందాం.
నెలకు 26 × 9 = 234 యూనిట్లు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. జాగ్రత్తగా చదవండి.

2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద, అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు వస్తోంది. యాదమ్మ ఇంట్లో 110 యూనిట్లు కాలుతుంది. బిల్లు జీరో. మరి ఆటో చార్జింగ్ ఇంట్లోనే పెడితే?

110 + 234 = 344 యూనిట్లు.

200 దాటింది. ఇక జీరో బిల్లు రాదు. మొత్తం యూనిట్లకు డబ్బు కట్టాలి. 2022లో వచ్చిన రేట్లతో లెక్క ఇలా ఉంటుంది:

మొదటి 200 యూనిట్లు, యూనిట్ 5 రూపాయల 10 పైసలు: 1,020
తర్వాతి 100 యూనిట్లు, యూనిట్ 7 రూపాయల 70 పైసలు: 770
మిగిలిన 44 యూనిట్లు, యూనిట్ 9 రూపాయలు: 396
మొత్తం: 2,186 రూపాయలు.

పై చార్జీలు కలిపి 2,300 వేసుకుందాం.

"కరెంటు ఆటోకు ఖర్చే లేదన్నడు నీ దోస్తు. 2,300 ఉంది కదా!" అంది యాదమ్మ.

బయట చార్జింగ్ పాయింట్లు కూడా ఉన్నాయి. అక్కడ యూనిట్ 10 రూపాయలు అయితే 234 యూనిట్లకు 2,340. ఇంటి ఖర్చుకు దాదాపు సమానమే. ఇంట్లో జీరో బిల్లు కూడా పోదు. అక్కడ యూనిట్ 15 రూపాయలు అయితే 3,510. అప్పుడు ఇల్లే నయం. అందుకే ముందు రేటు అడగాలి.

ఇంట్లో చార్జింగ్ పెడితే నెలకు మిగిలేది:
8,346 - 2,300 = 6,046 రూపాయలు.

భర్త ముఖం వెలిగింది. "చూసినవా!" అన్నాడు.

"ఆగయ్యా, లెక్క ఇంకా అయిపోలే" అంది యాదమ్మ.

మూడో లెక్క: అప్పు, వడ్డీ

కొత్త పెట్రోలు ఆటో 2 లక్షల 50 వేలు అనుకుందాం. కరెంటు ఆటో 3 లక్షల 50 వేలు అనుకుందాం. కరెంటు ఆటోకు లక్ష ఎక్కువ. ఆ లక్ష కూడా అప్పే.

నూటికి రెండు రూపాయల వడ్డీ అయితే లక్షకు నెలకు 2,000.
నూటికి రూపాయి వడ్డీ అయితే లక్షకు నెలకు 1,000.

అప్పు తీరే కొద్దీ వడ్డీ తగ్గుతుంది. మొదట్లో మాత్రం ఇంత పడుతుంది. కాబట్టి బండి ధర ఒక్కటే అడిగితే చాలదు. వడ్డీ ఎంతో అడగాలి.

నాలుగో లెక్క: బ్యాటరీ

ఈ బండిలో ఖరీదైనది బ్యాటరీ. అది ఎల్లకాలం ఉండదు. కొన్నేళ్లకు బలం తగ్గుతుంది. ఒక్క చార్జింగ్‌కు తిరిగే దూరం తగ్గుతుంది. అప్పుడు కొత్తది వేయాలి. అందుకు నెలకు 2,000 పక్కన పెడితే 5 ఏళ్లలో 1 లక్ష 20 వేలు అవుతుంది.

వారంటీ కాగితంలో ఏళ్లూ రాస్తారు, కిలోమీటర్లూ రాస్తారు. "ఏది ముందైతే అది" అని కూడా ఉంటుంది. ఆ మాట వదలకుండా చదవాలి. ఎక్కువ తిరిగే ఆటోకు ఏళ్లు నిండకముందే కిలోమీటర్లు నిండుతాయి.

ఇప్పుడు మొత్తం చూద్దాం.

మిగిలింది: 6,046
వడ్డీ తీసేస్తే: 6,046 - 1,000 = 5,046
బ్యాటరీకి తీసేస్తే: 5,046 - 2,000 = 3,046

నెలకు 3,046 నిజంగా మిగులుతుంది. ఎక్కువ పెట్టిన లక్ష తిరిగి రావడానికి 33 నెలలు పడుతుంది. అంటే సుమారు 3 ఏళ్లు. వడ్డీ రెండు రూపాయలు అయితే మిగిలేది 2,046 మాత్రమే.

గిరాకీ తగ్గితే?

"రోజూ 90 కిలోమీటర్లు గిరాకీ దొరుకుతదా?" అని అడిగింది యాదమ్మ. భర్త మాట్లాడలేదు.

రోజుకు 45 కిలోమీటర్లే అయితే పెట్రోలుకు నెలకు 4,173 అవుతుంది. కరెంటు బిల్లు సుమారు 1,330 వస్తుంది. మిగిలేది 2,843. వడ్డీకి 1,000, బ్యాటరీకి 2,000 తీయాలి. 157 రూపాయలు మనమే చేతి నుంచి వేయాలి!

కాబట్టి ఇది గుర్తుంచుకోండి: ఎక్కువ తిరిగే బండికి కరెంటు లాభం. తక్కువ తిరిగే బండికి అప్పు బరువు.

అలాగని మరీ ఎక్కువా కుదరదు. చార్జింగ్ అయిపోతే కొన్ని గంటలు ఆగాలి. ఆ గంటలు సాయంత్రం గిరాకీ వేళ కాకూడదు.

ఇంకేం అడగాలి?

యాదమ్మ అడిగి తెలుసుకున్న సంగతులు ఇవి:

1. ఇంటి ఓనరు ఒప్పుకోవాలి. కిరాయి ఇంట్లో మీటరు ఎవరి పేరు మీద ఉందో చూడాలి.
2. వైరు, ప్లగ్గు, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. గల్లీకి అడ్డంగా వైరు లాగొద్దు. వాన పడితే ప్రాణాలకే ముప్పు.
3. పర్మిట్ సంగతి తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసులో అడగాలి.
4. రోడ్డు టాక్సు మాఫీ ఉందా అని అడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. ఆటోలకూ ఇది వర్తిస్తుంది. రాయితీలు మారుతుంటాయి. కొనే రోజు మళ్లీ అడగాలి.
5. బండి చెడితే బాగుచేసే షెడ్డు దగ్గరలో ఉందా?

యాదమ్మ ఏం చేసింది?

యాదమ్మ భర్తకు ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చింది. "నెల రోజులు రోజూ కిలోమీటర్లు రాయి" అంది. అతను రాశాడు. ఆదివారం ఇద్దరూ కూర్చుని కూడారు. కొన్ని రోజులు 95, కొన్ని రోజులు 70. నెల మొత్తానికి రోజుకు సుమారు 85 వచ్చింది.

యాదమ్మ పొదుపు సంఘంలో మాట్లాడింది. సంఘం ద్వారా నూటికి రూపాయి వడ్డీకి అప్పు దొరికింది. ఓనరు వేరే సబ్ మీటరు పెట్టుకొమ్మన్నాడు.

కాగితాలు వచ్చాయి. యాదమ్మ ఒక్కొక్క లైను కింద వేలు పెట్టి చదివింది. అర్థం కానిచోట ఆగి అడిగింది. ఒక కిస్తీ ఆగితే ఏమవుతుందో రాసిన చోట రెండుసార్లు చదివింది. తర్వాతే సంతకం పెట్టింది.

"ఇగ ఆటో నీది కూడా" అన్నాడు భర్త.

"అయితే నాకూ నడపడం నేర్పు" అంది యాదమ్మ.

భర్త నవ్వాడు. యాదమ్మ మాత్రం నవ్వలేదు. హైదరాబాద్‌లో ఆడవాళ్లూ ఆటోలు నడుపుతున్నారని ఆమెకు తెలుసు.

కొత్త మాటలు

కిస్తీ: నెలనెలా కట్టే అప్పు భాగం
వారంటీ: చెడితే కంపెనీ బాగుచేసి ఇస్తుందనే హామీ
మాఫీ: కట్టనవసరం లేదని వదిలేయడం
రాయితీ: ధరలో ప్రభుత్వం ఇచ్చే తగ్గింపు

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. ఆటో చార్జింగ్ ఇంట్లో పెడితే యాదమ్మ ఇంటి జీరో బిల్లు ఎందుకు పోయింది?
2. యాదమ్మ పాత ఆటో ఇంకా బాగా నడుస్తోందనుకోండి. అప్పుడు అప్పు లక్షేనా? మొత్తం 3 లక్షల 50 వేలా? లాభం ఉంటుందా?
3. మీ ఇంటి కరెంటు బిల్లు తీయండి. ఈ నెల ఎన్ని యూనిట్లు కాలిందో చదవండి. 200కు ఇంకా ఎన్ని ఉన్నాయి?
4. మీరు ఎప్పుడైనా చదవకుండా వేలిముద్ర వేశారా? తర్వాత ఏమైంది? మీ పక్కన కూర్చున్న అక్కకు చెప్పండి.