సియాటిల్ ఆడవాళ్ళ మొదటి ఓటు

అమెరికా దేశం మ్యాపు చూడండి. పడమటి వైపు, పైన మూలన సియాటిల్ అనే ఊరు కనిపిస్తుంది. ఒక పక్క సముద్రపు నీళ్ళు. ఇంకో పక్క కొండలు. వానలు ఎక్కువ. ఆ రోజుల్లో అక్కడి జనానికి బతుకుతెరువు కలప కోత, చేపలు, ఓడరేవు. 1897లో ఉత్తరాన బంగారం దొరికిందని తెలిసింది. వేల మంది మగవాళ్ళు ఈ ఊరికి వచ్చి ఓడలెక్కారు. ఊరు పెరిగింది. 1900లో 80 వేల మంది ఉన్న ఊళ్ళో 1910 నాటికి 2 లక్షల 37 వేల మంది అయ్యారు.

ఇల్లూ వాకిలీ ఎక్కడో వదిలి, చేతిలో కూలి డబ్బుతో తిరిగే మగవాళ్ళు ఎక్కువైతే ఏమవుతుందో మీకు చెప్పాలా అక్కా? బ్రాందీ షాపులు వెలిశాయి. జూదం ఇళ్ళు వెలిశాయి. ఆడవాళ్ళ ఒళ్ళు అమ్మే ఇళ్ళూ వెలిశాయి.

1910 మార్చిలో హైరమ్ గిల్ అనే వకీలు ఆ ఊరికి మేయరు అయ్యాడు. మేయరు అంటే నగరానికి పెద్ద. ఈ పాపిష్టి వ్యాపారాలను పూర్తిగా ఆపలేం, ఊళ్ళో ఒక్క చోటే ఉండనిద్దాం అని ఆయన వాదన. చాలామందికి ఆ మాట నచ్చింది. ఓట్లు వేసి గెలిపించారు. గెలవగానే వాపెన్‌స్టయిన్ అనే ఆయన్ని పోలీసు పెద్దగా పెట్టుకున్నాడు.

ఒక్క చోట ఉంటుందన్న వ్యాపారం ఊరంతా పాకింది. పోలీసు పెద్దకు మామూళ్ళు ముట్టాయి. ఆ ఇళ్ళలో ఉన్న ఒక్కొక్క ఆడమనిషికి నెలకు 10 డాలర్లు లెక్క. ఇంటి యజమాని ఇస్తాడు, పోలీసు తీసుకుంటాడు. కానీ ఆ పది డాలర్లు యజమాని జేబులో పుట్టినవి కావు. ఆ ఆడమనిషి ఒంటి మీద సంపాదించినవి. చెడ్డపేరు ఆమెకు, సొమ్ము వాళ్ళకు.

ఇంతలో ఇంకో సంగతి బయటపడింది. ఊళ్ళో ఒక కొండ మీద అలాంటి ఇల్లే కొత్తగా కడుతున్నారు. ఎంత ఇల్లో తెలుసా? 500 గదులు! అది కట్టడానికి ప్రజల వీధిని 15 ఏళ్ళకు లీజుకిచ్చింది నగర సభ. మనం నడిచే వీధి అది. దాంతో ఊరు మండిపడింది.

సియాటిల్‌లో 1906 నుంచీ ఒక చట్టం ఉంది. గెలిచిన మేయరు సరిగా పని చేయకపోతే, అతని గడువు తీరేదాకా ఆగనక్కరలేదు. చాలినంత మంది ఓటర్లు అర్జీ మీద సంతకాలు పెడితే మళ్ళీ ఎన్నిక పెట్టాలి. దీన్ని ‘రీకాల్’ అంటారు. అంటే వెనక్కి పిలవడం. గిల్ మీద అర్జీ తయారైంది. వేల మంది సంతకాలు పెట్టారు.

సరిగ్గా అదే సమయంలో ఆడవాళ్ళ కథ మారింది.

సియాటిల్ ఉన్న రాష్ట్రం పేరు వాషింగ్టన్. అక్కడి ఆడవాళ్ళు ఓటు కోసం ఎన్నో ఏళ్ళుగా పోరాడుతున్నారు. 1883లో ఒకసారి ఓటు వచ్చింది. 1887లో కోర్టు దాన్ని కొట్టేసింది. మళ్ళీ చట్టం చేస్తే 1888లో మళ్ళీ కొట్టేసింది. ఆ తర్వాత రెండుసార్లు మగవాళ్ళ ఓటుకు పెడితే రెండుసార్లూ ఓడిపోయారు. అయినా వదలలేదు. ఎమ్మా స్మిత్ డివో అనే ఆమె ముందుండి నడిపించింది. ఆమె పద్ధతి గొడవ పడే పద్ధతి కాదు. ఇంటింటికీ వెళ్ళి, నెమ్మదిగా మాట్లాడి, మగవాళ్ళను ఒప్పించడం. వంటల పుస్తకం ఒకటి అచ్చు వేసి అమ్మారు. కూరలతో పాటు ఓటు మాట కూడా ఇంట్లోకి వెళ్ళింది! 1909లో కోరా ఈటన్ అనే డాక్టరమ్మ రెయినియర్ అనే మంచుకొండ ఎక్కి, శిఖరం మీద ‘ఆడవాళ్ళకు ఓటు’ అని రాసిన జెండా నిలబెట్టి వచ్చింది.

1910 నవంబరు 8న మగవాళ్ళు ఓటు వేశారు. ఆడవాళ్ళకు ఓటు ఇవ్వాలి అన్నవాళ్ళు 52,299 మంది. వద్దన్నవాళ్ళు 29,676 మంది. ఓటు వచ్చింది.

అందరికీ రాలేదు. అది కూడా చెప్పుకోవాలి. ఆ రాష్ట్రంలో ఓటు కావాలంటే ఇంగ్లీషు చదవడం, మాట్లాడడం రావాలి. ఆ నియమం మగవాళ్ళకూ ఉంది. వేరే దేశాల నుంచి వచ్చి, గిన్నెలు తోమి బతికే చదువురాని ఆడవాళ్ళు బయటే ఉండిపోయారు. చైనా, జపాను నుంచి వచ్చినవాళ్ళను పౌరులుగానే ఒప్పుకోలేదు, ఇక ఓటెక్కడిది? ఆ నేల అసలు ఎవరిదో ఆ ఆదివాసీల్లో కూడా చాలామందికి ఓటు లేదు. మన దేశంలో 1950లో రాజ్యాంగం వచ్చినప్పుడు చదువు వచ్చినా రాకపోయినా ఓటు ఇచ్చారు. వేలిముద్ర వేసే అమ్మకు కూడా. ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఓటు వచ్చిన మూడు నెలలకే గిల్ ఎన్నిక వచ్చి పడింది. ముందు ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవాలి. సియాటిల్ ఆడవాళ్ళు బారులు తీరారు. సుమారు 23 వేల మంది పేర్లు రాయించుకున్నారు. టీచర్లు, కుట్టుపని వాళ్ళు, ఇల్లాళ్ళు, హోటళ్ళలో వడ్డించేవాళ్ళు, వీళ్ళలో చాలామంది అంతకుముందు ఓటు పెట్టె ముఖం చూసినవాళ్ళు కారు.

1911 ఫిబ్రవరి 7న పోలింగు. గిల్ మీద జార్జి డిల్లింగ్ నిలబడ్డాడు. పేర్లు రాయించుకున్న ఆడవాళ్ళలో దాదాపు 20 వేల మంది వచ్చి ఓటు వేశారు. సుమారు 6 వేల ఓట్ల తేడాతో గిల్ ఓడిపోయాడు. కుర్చీ దిగాడు. ఆడవాళ్ళ ఓట్లు లేకపోతే దిగేవాడు కాదని ఆనాడే చెప్పుకున్నారు. ఆ ఏడాదే పోలీసు పెద్ద మీద లంచం కేసు నడిచింది. జైలు శిక్ష పడింది.

అదే 1911లో ఇంకో పని జరిగింది. నాకైతే మేయరు దిగడం కంటే ఇదే పెద్దదనిపిస్తుంది. సియాటిల్ హోటళ్ళలో వడ్డించే ఆడవాళ్ళకు 1900లోనే సంఘం ఉంది. దాన్ని పెట్టింది ఆలిస్ లార్డ్, ఆమె కూడా వడ్డించే మనిషే. రోజుకు 8 గంటలే పని ఉండాలని ఆమె రాష్ట్ర రాజధానికి ఏళ్ళ తరబడి తిరిగింది. పెద్దలు విన్నారు, పంపించేశారు. ఓటు వచ్చిన తర్వాత మొదటి సభలోనే ఆ చట్టం పాసయింది. హోటళ్ళు, దుకాణాలు, బట్టలుతికే కంపెనీలలో ఆడవాళ్ళకు 8 గంటల పని. కానీ పళ్ళు, చేపలు డబ్బాల్లో నింపే చోట పనిచేసేవాళ్ళను మాత్రం వదిలేశారు. సరుకు చెడిపోతుందని యజమానులు అన్నారు. వాళ్ళ నడుములు చెడిపోవా?

గిల్ సంగతి ఏమైందంటారా? 1914లో మళ్ళీ నిలబడ్డాడు. బుద్ధి తెచ్చుకున్నానని, ఊరిని శుభ్రంగా ఉంచుతానని చెప్పుకున్నాడు. గెలిచాడు. ఆ ఎన్నికలో ఆడవాళ్ళు కూడా ఓటు వేశారు. 1911లో దింపిన చేతుల్లో ఎన్ని 1914లో ఎక్కించాయో చెప్పలేం. ఓటు చీటీ మీద వేసినవాళ్ళ పేరు ఉండదు కదా.