మొఖం వెనకాల ఏ రంగు వేయాలి?



మీరు ఈ గోడపత్రికను నాలుగడుగుల దూరం నుంచి చదువుతున్నారు. అక్షరాలు కనబడుతున్నయంటే తెల్ల షీటు మీద నల్ల సిరాతో రాసినందుకే. తరగతిలో నల్లబోర్డు మీద తెల్ల సుద్దముక్క వాడేదీ అందుకే. ఏ వస్తువైనా తన వెనకాల ఉన్నదానికి వేరుగా ఉంటేనే కంటికి ఆనుతది. పాస్టెల్ రంగులతో మనిషి మొఖం వేసేటప్పుడు ఈ సంగతిని ఎట్లా వాడుకోవాలో ఈసారి రాస్తున్నాను.

మీ డ్రాయింగ్ పుస్తకాలు చూస్తుంటాను. కండ్లు, ముక్కు మంచిగనే కుదురుతున్నయి. వెనకాల మాత్రం తెల్లగా వదిలేస్తున్నారు. లేదంటే బొమ్మ అంతా అయ్యాక, గంట కొట్టే ముందు, నీలం పుల్లతో గబగబా రుద్దుతున్నారు. వెనక రంగు చివర్ల వేసేది కాదు. మొఖానికి ఏ రంగు వేయాలో చెప్పేదే అది.

పాస్టెల్ డబ్బాలో ఒక లేత గులాబీ పుల్ల ఉంటది. దాన్ని మీరంతా "స్కిన్ కలర్" అంటారు. ఎవరి స్కిన్? మన బడిలో గోండు పిల్లలున్నరు, కోయ, లంబాడ, నాయకపోడు పిల్లలున్నరు, సార్లున్నరు, వంట చేసే అమ్మలున్నరు. ఆ గులాబీ రంగు మనిషి ఒక్కరు నాకు కనబడలేదు. అమెరికాలో క్రేయాన్లు చేసే క్రేయోలా కంపెనీ కూడా ఇట్లాంటి రంగుకు ఒంటి రంగు అనే అర్థం వచ్చే పేరే పెట్టుకుంది. 1962లో ఆ పేరు తీసేసి పీచ్ పండు పేరు పెట్టింది. మన నోళ్లలో మాత్రం ఆ మాట ఇంకా పోలేదు.

ఏడో తరగతి అమ్మాయి ఒకామె వాళ్ల అవ్వ బొమ్మ మొదలుపెట్టింది. ముందు గోధుమరంగే పట్టింది. తెల్ల షీటు మీద రెండు గీతలు పడంగనే "బొగ్గు లెక్క కొడుతున్నది సార్" అని ఆపేసి గులాబీ పుల్ల తీసింది. బొమ్మ అయిపోయినంక చాలాసేపు దాన్నే చూసి, "మా అవ్వ గిట్ల ఉండది" అన్నది. ఆమె ముందు పట్టిన గోధుమరంగు సరైనదే. చెడగొట్టింది చుట్టూ ఉన్న తెల్ల కాగితం.

నమ్మకపోతే ఒక పని చేయండి. గోధుమరంగు కాగితం నుంచి రూపాయి బిళ్లంత ముక్కలు రెండు కత్తిరించండి. ఒకటి తెల్ల కాగితం మీద, ఒకటి నల్ల చార్టు మీద పెట్టి దూరం జరిగి చూడండి. తెల్లదాని మీది ముక్క మాడినట్టు, నల్లదాని మీది ముక్క వెలుగుతున్నట్టు ఉంటది. రెండూ ఒక్క కాగితం ముక్కలే.

దీన్ని మొదటిసారి గట్టిగా పట్టుకున్నది షెవ్రోల్ అనే ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త. పారిస్‌లో గోబెలిన్ అనే నేత కార్ఖానాలో ఆయన అద్దకాల విభాగం చూసేవాడు. నల్లదారం నలుపు సరిగ్గా లేదని నేతగాళ్ల ఫిర్యాదు. ఆయన పరీక్షిస్తే అద్దకంలో లోపమేమీ లేదు, పక్కన నేసిన రంగుల వల్లనే నలుపు వెలిసినట్టు కనబడుతున్నదని తేలింది. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే వేశాడు.

పుస్తకం లేకుండానే మన దగ్గరి పనివాళ్లకు ఈ కిటుకు తెలుసు. నిర్మల్ బొమ్మల పలకలు చూశారు కదా, చాలావాటికి వెనకాల నిగనిగలాడే నలుపు. ఆ నలుపు మీద బంగారు రంగు దీపం పెట్టినట్టు వెలుగుతది. అదే బంగారు రంగును తెల్లగోడ మీద వేస్తే పసుపు మరక లెక్క ఉంటది. చేర్యాల నకాషీ పటాల్లో వెనకాల ఎరుపు. కథ చెప్పేటాయన పటం విప్పితే దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా పసుపు, నీలం మొఖాలు విడివిడిగా తెలియాలె. ఇక తోట వైకుంఠం గారు మన పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టినవారు. ఆయన వేసిన తెలంగాణ ఆడవాళ్లు నల్లని మొఖాలు, పెద్ద బొట్లతో ఉంటరు. చాలా బొమ్మల్లో వెనకాల ఇల్లూ చెట్టూ ఏమీ ఉండవు, సాఫీగా ఒక రంగు మాత్రమే. ఆ నలుపును ఎవరైనా మాడిన రంగు అనగలరా?

ఇప్పుడు మన పనికి వద్దాం. మీ చేతిలో ఉన్నవి ఆయిల్ పాస్టెల్స్. ఇవి 1925లో జపాన్‌లో సకురా కంపెనీ తెచ్చినవి. సుద్ద లాంటి పొడి పాస్టెల్స్ అంతకంటే ఎంతో పాతవి. ఇటలీలోని వెనిస్ నగరానికి చెందిన రోసాల్బా కరియెరా అనే ఆమె 1700 ప్రాంతంలోనే వాటితో మొఖాలు వేసి పేరు తెచ్చుకుంది.

ముదురు వెనక: నల్ల చార్టు మీద చామనచాయ మొఖం కనబడదని మీ భయం. కనబడుతది. తెల్ల షీటు మీద మనం నీడలు వేస్తాం, నల్ల షీటు మీద వెలుగులు వేస్తాం. అంతే తేడా. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక, కింది పెదవి, వీటి మీద గోధుమ, దాని మీద కొంచెం నారింజ, ఎక్కువ మెరిసే చోట చిటికెడు పసుపు. నీడ ఉన్న చోట ఏమీ వేయకండి, కాగితమే నీడ. చిక్కు వచ్చేది జుట్టు దగ్గర. నూనె రాసిన నల్లజుట్టు నల్ల కాగితంలో కలిసిపోతది. అక్కడ వెలుగు పడే వైపు ముదురు నీలంతో ఒక్క గీత ఇవ్వండి, చాలు. తెల్లజుట్టు ముసలివాళ్లకైతే ముదురు వెనకను మించింది లేదు. ఆ అమ్మాయి కూడా అవ్వ బొమ్మను మళ్లీ వేసింది, ఈసారి వెనకాల ముదురు నీలం, మొఖానికి ముందు వదిలేసిన గోధుమ పుల్లే. బొమ్మ ఇప్పుడు ఇంటికి పోయింది, అందుకే ఇక్కడ అంటించలేకపోయాం.

లేత వెనక: పక్కకు తిరిగిన మొఖానికి ఇది మంచిది, ముక్కు గడ్డం అంచు కత్తిరించినట్టు తెలుస్తది. కాని పూర్తి తెలుపు వద్దు. లేత పసుపో, లేత ఆకుపచ్చో వేయండి. నీలం, ఆకుపచ్చల పక్కన గోధుమరంగులో వేడి పెరుగుతది. నారింజ పక్కన అదే గోధుమ చప్పబడుతది.

నాకు ఎక్కువ నచ్చేది మాత్రం నడిమి రంగు. పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితం ఉంది కదా, దాని గరుకు వైపు వాడండి. అటు వెలుగూ ఇటు నీడా రెండూ దాని మీద తెలుస్తయి, పుల్ల కూడా తక్కువ అరుగుతది. గుస్సాడీ వేషం వేయదలచినవాళ్లకు ఇదే చెబుతాను. ఒంటి మీది బూడిద గీతలకు ముదురు వెనక కావాలె, తల మీది నెమలి ఈకలకు లేత వెనక కావాలె. నల్ల షీటు తీసుకుంటే ఈకల నీలం మునుగుతది, తెల్ల షీటైతే బూడిద మాయమైతది. మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పటి ఫొటోలు చూసి మీలో చాలామంది వేశారు. వాటిలో ఈకలు సగమే తెలిసినవి ఎక్కువ. ఖాకీ మీద, తల చుట్టూ కొంచెం లేత పసుపు, భుజాల చుట్టూ ముదురు ఊదా వేసి చూడండి.

ఒకే బొమ్మలో లేత, ముదురు రెండూ పెట్టవచ్చన్నమాట. కిటికీ పక్కన దోస్తును కూర్చోబెట్టి కండ్లు సగం మూసి చూడండి. మొఖం వెలుగున్న వైపు వెనకాల ముదురు, నీడ ఉన్న వైపు వెనకాల లేత రంగు వేస్తే మొఖం కాగితం నుంచి లేచి ముందుకు వస్తది. లియొనార్డో డావిన్చీ కూడా తన రాతల్లో శిష్యులకు ఈ సలహానే ఇచ్చాడు.

చివరగా చేతి పని సంగతి. లేత రంగులు ముందు, నలుపు అన్నిటికన్నా ఆఖరున. నలుపు రుద్దిన వేలితో పసుపు ముట్టుకోవద్దు, దానికి వేరే వేలు పెట్టుకోండి. పుల్ల కొస మురికైతే పాత గుడ్డతో తుడవండి. మొఖం అంచుకూ వెనక రంగుకూ నడుమ తెల్లసందు వదలకండి, అది దేవుడి పటంలో తల చుట్టూ వెలుగు లెక్క కనబడుతది. వెంట్రుకల పోగులు కావాలంటే నలుపు కింద ముందే నీలం వేసి, కంపాస్ ముల్లుతో మెల్లగా గీకండి. ఆయిల్ పాస్టెల్ ఎన్నటికీ పూర్తిగా ఎండదు. అందుకని అయిపోయిన బొమ్మలను ఒకదాని మీద ఒకటి పెట్టకండి, నడుమ పాత పేపరు వేసి స్టోర్ రూంలో పై అరలో పెట్టండి.